మ్యాటు కింద మా అత్తమ్మ బండలు



ఈ వారం వంటింట్లోంచి కాస్త ఇవతలికి వచ్చి నట్టింట్లో కూర్చుని మాట్లాడుకుందాం. కూర్చోమంటే సోఫాలో కాదు, కిందే. ఎందుకంటే సంగతంతా నేల గురించే. "నేల గురించి చెప్పేదేముంటుంది, ఊడ్చి తుడవడమే కదా" అంటారేమో. నేనూ అలాగే అనుకున్నాను. కానీ నేలకు అతికించిన మ్యాటు ఊడదీసి, దాని జిగురు వదిలించి, కిందున్న బండలకు మళ్లీ మెరుపు తేవడానికి నాకు నెల పైనే పట్టింది. ఆ నెలలో మూడు తప్పులు చేశాను. ఆ మూడూ దాచకుండా చెబుతాను. నా తప్పులు మీకు అక్కరకొస్తే అంతకంటే ఏం కావాలి!

బండల కథ

మాది బాన్సువాడ. ఒకప్పటి నిజామాబాద్ జిల్లా, 2016 నుంచి కామారెడ్డి జిల్లా. నిజాంసాగర్ కాలువ నీళ్లతో పండే వరి పొలాల మధ్య ఊరు. ఇక్కడి పాత ఇళ్లలో నేలంటే బండలే. అయితే షాబాదు బండలు, కాకపోతే తాండూరు బండలు. షాబాదు కర్ణాటకలో కలబురగి జిల్లాలో ఉంది. తాండూరు మన వికారాబాద్ జిల్లాలోది. కందిపప్పుకు ఎంత పేరో, బండలకూ అంత పేరు. ఎండాకాలం మధ్యాహ్నం ఆ బండల మీద చీరకొంగు పరుచుకుని నడుం వాల్చితే ఉండే చల్లదనం ఏ కూలరూ ఇవ్వదు.

మా నట్టిల్లు 14 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు. రెండడుగుల బండలు 35 పట్టాయి. వాటిని 1986లో మా అత్తమ్మ వేయించింది. ఆ ఏడు పంట అమ్మిన డబ్బులో తన వాటా అడిగి తీసుకుని, బంగారం కొనుక్కోకుండా తాండూరు నుంచి బండలు తెప్పించిందట. అంతకుముందు ఆ ఇల్లంతా పేడతో అలికిన మట్టి నేలే. నడుం వంచి అలికీ అలికీ విసిగిన మనిషి ఆమె.

అటువంటి బండల మీద 2011లో నేను మ్యాటు అతికించాను. అవును, నేనే. అప్పట్లో చుట్టాలందరి ఇళ్లలో టైల్స్ వచ్చేశాయి. మా ఇంటికి వచ్చిన ఒకావిడ "ఇంకా ఈ బండలేనా మీకు?" అని నవ్వితే నాకు తల తీసేసినట్టయింది. టైల్స్ వేయించే స్తోమత లేదు. గులాబీ పూలున్న ప్లాస్టిక్ మ్యాటు చుట్ట ఒకటి కొనుక్కొచ్చి, పసుపుపచ్చ గమ్ము డబ్బా తెచ్చి, ఒక ఆదివారం నేలంతా అతికించేశాను. అత్తమ్మ మంచం మీద కూర్చుని చూసింది. "నీ ఇష్టం బిడ్డా" అన్నది. అంతే. ఇంకో మాట అనలేదు.

మ్యాటు నాలుగేళ్లు బాగానే ఉంది. తర్వాత అంచులు లేవడం మొదలైంది. వానాకాలంలో కింది నుంచి తడి వచ్చి, పైకి పోయే దారి లేక, మ్యాటు కింద ముక్కవాసన. అక్కడక్కడా తెల్లటి ఉప్పులాంటి పొడి. నేను లేచిన చోటల్లా మళ్లీ గమ్ము పూస్తూ వచ్చాను. ఈ ఏడాది ఆషాఢంలో ఒక పొద్దున ఆ లేచిన అంచుకు అత్తమ్మ కాలు తగులుకుని పడిపోయింది. మణికట్టు ఎముక చిట్లింది. ఆరు వారాల కట్టు.

ఆస్పత్రి నుంచి వచ్చిన రోజే ఆ మ్యాటు చింపి వాకిట్లో పడేశాను. మ్యాటు ఒక్క గంటలో ఊడింది. జిగురు మాత్రం ఊడలేదు. 35 బండల మీదా గోధుమరంగు పెచ్చులు, మధ్యలో బంకబంకగా చారలు. నడిస్తే కాళ్లకు అంటుకుంటోంది. అప్పటికి దసరాకు రెండు నెలలే ఉంది. మా అమ్మాయి ఎనిమిది నెలల బాబుతో బతుకమ్మ పండుగకు వస్తానంది. వాడు అప్పుడప్పుడే పాకుతున్నాడు.

మొదటి తప్పు: యాసిడ్

మావారు "పైన టైల్స్ వేయిద్దాం, పీడ వదులుతుంది" అన్నారు. చూడ్డానికి వచ్చిన టైల్స్ పనివాడొకాయన "జిగురు మీద సిమెంటు పట్టదమ్మా. యాసిడ్ పోయండి, ఒక్క రోజులో పోతుంది" అని చెప్పి వెళ్లాడు. నేను బాత్రూము కడిగే యాసిడ్ సీసా తీసి, కుట్టు మిషను కింద మూల బండ మీద కొంచెం పోశాను. సుయ్ మని నురగ వచ్చింది. "ఆహా, జిగురు కరుగుతోంది" అనుకున్నాను. కడిగి చూస్తే జిగురు ఎక్కడిదక్కడే ఉంది. జిగురు లేని చోట మాత్రం బండ తెల్లగా, గరుకుగా, కుష్ఠు మచ్చలా అయింది. కరిగింది జిగురు కాదు, బండ!

ఇంటర్లో చదివిన రసాయనశాస్త్రం అప్పుడు గుర్తొచ్చింది. షాబాదు, తాండూరు బండలు రెండూ సున్నపురాయే. సున్నపురాయి మీద యాసిడ్ పడితే రాయి కరిగి గ్యాసు నురగలా బయటికి వస్తుంది. ఆ చుట్టుపక్కలంతా సిమెంటు ఫ్యాక్టరీలు ఉన్నదీ ఆ రాయి కోసమే. పసుపుపచ్చ గమ్ము రబ్బరుతో చేసింది. దాన్ని ఆ యాసిడ్ ఏమీ చెయ్యదు. అంటే నేను వదిలించాల్సినదాన్ని వదిలేసి, కాపాడుకోవాల్సినదాన్ని కాల్చుకున్నాను.

యాసిడే కాదు, నిమ్మకాయ, చింతపండు, వెనిగర్ కూడా ఈ బండలకు పడవు. ఇత్తడి బిందె తోమిన చింతపండు పిప్పి బండ మీద వదిలేస్తే మెరుపు పోవడం మీరూ చూసే ఉంటారు. మీ ఇంటి నేల ఏ రాయో తెలియకపోతే ఎవరికీ కనబడని మూల ఒక్క చుక్క నిమ్మరసం వేసి ఐదు నిమిషాలాగి తుడవండి. అక్కడ మెరుపు చచ్చిందంటే అది సున్నపు జాతి రాయి. చలువరాయి కూడా ఆ జాతిదే. గ్రానైటుకైతే ఏమీ కాదు.

జిగురును గుర్తుపట్టండి

కింద ఏముందో తెలిశాక పైన ఏముందో తెలుసుకోవాలి. ఇళ్లలో కనబడే జిగుళ్లు నాలుగు రకాలు.

తెల్లగా, గట్టిగా, గోటితో గీకితే పెంకులా లేచేది వడ్రంగులు వాడే తెల్ల జిగురు. వేడినీళ్లకు మెత్తబడుతుంది.

పసుపు లేదా గోధుమ రంగులో, రబ్బరులా సాగేది మ్యాట్లకూ చెప్పులకూ వాడే గమ్ము. దీనికి వేడి తగిలితే మెత్తబడుతుంది. పూర్తిగా కరగాలంటే థిన్నరు లాంటిది కావాలి.

స్టిక్కర్ల వెనకా, టేపుల వెనకా ఉండే పల్చటి బంక. దీనికి వేడి చాలు, లేదా నూనె.

నల్లగా తారులా ఉండేది ఇంకొకటి. అది గనక మీ ఇంట్లో ఉంటే మీరు ముట్టుకోకండి. ఎందుకో చివర్లో చెబుతాను.

నిమ్మళంగ చెయ్యి

మొదటి తప్పుతో నాకు ఏడుపొచ్చింది. మూల బండ చూసి అత్తమ్మ తిడుతుందనుకున్నాను. ఆమె కట్టు కట్టిన చేతిని ఒళ్లో పెట్టుకుని, "ఒక్క బండే గద. ఇగ నిమ్మళంగ చెయ్యి. రోజుకు రెండు బండలు తీస్తే పండుగకు అయితయ్" అన్నది. లెక్కేస్తే నిజమే. 35 బండలకు 18 రోజులు. అప్పటినుంచీ అదే పద్ధతి పెట్టుకున్నాను. పొద్దున వంట ముగించాక ఒక బండ, మధ్యాహ్నం ఒక బండ.

పద్ధతి చెబుతాను రాసుకోండి. పాత నూలు చీర నాలుగు మడతలు వేసి, బాగా వేడిగా ఉన్న నీళ్లలో ముంచి పిండి, బండ మీద పరవాలి. చేతులు కాలకుండా పట్టకర్రతో తీసుకోండి. పైన ఒక ప్లాస్టిక్ కవరు కప్పితే వేడి పోదు. అరగంట ఆగాలి. ఆ తర్వాత ఒక అడుగు మేర మాత్రమే తెరిచి గీకాలి. అంతా ఒకేసారి తెరిస్తే చల్లారి మళ్లీ బిగుసుకుంటుంది.

గీకడానికి పెయింటర్లు లప్పం పెట్టే రేకు పట్టీ మంచిది. నేను పాత అట్లకాడ కూడా వాడాను. పట్టీని నిలబెట్టి పొడవకూడదు. నేలకు దాదాపు ఆనించినట్టు, అట్టు తిరగేసేటప్పుడు అట్లకాడను కిందికి తోసినట్టు తొయ్యాలి. పట్టీ మూలలు వాడిగా ఉంటే ముందే ఆకురాయి పెట్టి గుండ్రం చేయించండి. లేకపోతే బండ మీద గీతలు పడతాయి. వచ్చిన జిగురును వెంటవెంటనే పాత పేపరులోకి తీసెయ్యాలి. మళ్లీ తొక్కితే ఇంకోచోట అంటుకుంటుంది.

వేడినీళ్లకు లొంగని చోట జుట్టు ఆరబెట్టుకునే డ్రయ్యరు పనికొచ్చింది. నాలుగైదు అంగుళాల దూరంలో ఒక నిమిషం పట్టి, వెంటనే గీకాలి. తడి నేల మీద మాత్రం డ్రయ్యరు వాడకండి, షాకు కొడుతుంది. ముందు పొడిగుడ్డతో తుడిచి, కాళ్లకు రబ్బరు చెప్పులు వేసుకోండి. ముద్దలు ముద్దలుగా ఉన్న జిగురుకు ఇంకో ఉపాయముంది. ఫ్రిజ్‌లోని మంచుగడ్డను కవరులో వేసి పది నిమిషాలు పెడితే బిర్రబిగుసుకుని పెళుసుగా లేస్తుంది.

రెండో తప్పు: థిన్నరు

పన్నెండు రోజులకు 24 బండలు అయ్యాయి. పెద్ద జిగురు పోయింది గానీ, పైన పల్చటి బంక పొర మిగిలింది. దానికి థిన్నరు కావాలన్నారు. ఒక శుక్రవారం సాయంత్రం తొందరపడి అర సీసా నేల మీద పోసేశాను. పోస్తే పనైపోతుందనుకున్నాను.

అదే నట్టింట్లో తూర్పు గోడకు దేవుని గూడు ఉంది. శుక్రవారం కదా, దీపం వెలుగుతోంది. నేను చూసుకోలేదు. వాసనకు అత్తమ్మ మంచం మీంచి లేచి, "దీపం! ఓ పిల్లా, దీపం!" అని కేకేసింది. నేను కంగారుగా ఫ్యాను వెయ్యబోతే "అది ముట్టకు" అని, కట్టు కట్టిన చేత్తోనే వెళ్లి దీపం కొండెక్కించింది. నలభై ఏళ్లకు పైగా శుక్రవారం దీపాన్ని దానంతట అది కొండెక్కేదాకా కాపాడిన మనిషి. ఆ సాయంత్రం తన చేత్తో ఆర్పేసింది. తర్వాత ఇద్దరం తలుపులన్నీ తీసి వాకిట్లో కూర్చున్నాం. నా కాళ్లు చాలాసేపు వణికాయి.

ఇది ఎందుకు చెబుతున్నానంటే, థిన్నరు, పెట్రోలు వంటి వాటి ఆవిరి గాలికంటే బరువు. పైకి పోదు. నేల మీదే నీళ్లలా పాకుతూ పోతుంది. పక్క గదిలో ఉన్న దీపం దాకా, స్టవ్వు దాకా పోయి అంటుకోగలదు. ఫ్యాను స్విచ్చు వేసినా, ఫ్రిజ్ తనంతట తాను ఆన్ అయినా చిన్న నిప్పురవ్వ వస్తుంది. అది చాలు. పెట్రోలైతే అసలు ఇంట్లోకే తేవద్దు.

ఇంకో సంగతి. థిన్నరు నేల మీద పోస్తే జిగురు కరిగి పైకి రాదు. కరిగిన జిగురు బండలోకి ఇంకి, మచ్చ ఇంకా లోతుకు పోతుంది. కాబట్టి వాడక తప్పకపోతే ఇలా చెయ్యండి. పగటిపూట, తలుపులూ కిటికీలూ బార్లా తీసి, దీపం, అగరుబత్తి, స్టవ్వు, సిలిండరు అన్నీ ఆపేసి, ఫ్రిజ్ ప్లగ్గు తీసేసి, పిల్లలనూ పెద్దవాళ్లనూ బయటికి పంపి, చేతికి రబ్బరు తొడుగులు వేసుకుని, గుడ్డకు మాత్రమే కొంచెం అద్ది, ఆ గుడ్డతో రుద్దాలి. గుడ్డ మురికి కాగానే ఇంకో గుడ్డ. ఆ గుడ్డలను ఇంట్లో ముద్దగా చుట్టి పెట్టకుండా బయట విప్పి ఆరేసి పారెయ్యాలి. గర్భిణులు ఈ పని చెయ్యనే వద్దు.

మూడో తప్పు: కొబ్బరినూనె

జిగురంతా పోయాక సర్ఫు కలిపిన గోరువెచ్చని నీళ్లతో రెండుసార్లు కడిగాను. బండలు బయటపడ్డాయి గానీ వెలవెలబోతున్నాయి. పక్కింటావిడ "కొబ్బరినూనె రాయండి, నల్లగా నిగనిగలాడుతుంది" అంది. ఒక బండకు రాశాను. ఆ పూట నిజంగానే నిగనిగలాడింది. మర్నాటికి దుమ్మంతా దాని మీదే పేరుకుంది. పైగా నూనె లోపలికి ఇంకి, పక్క బండలకూ దానికీ రంగు తేడా వచ్చింది. చెక్కకు నూనె మంచిది గానీ, రాయికి కాదు.

బండకు మెరుపు రావాలంటే రాపిడి తప్ప ఇంకో మందు లేదు. పనివాళ్లు మిషనుతో చేసేదీ అదే. ముందు గరుకు రాయి, తర్వాత నునుపు రాయి, ఆ తర్వాత ఇంకా నునుపు రాయి. పెద్ద ఇల్లయితే వాళ్లనే పిలవండి. మాది ఒక్క గదే కాబట్టి చేత్తో చేశాను. హార్డువేర్ షాపులో నల్లటి వాటర్ పేపర్ దొరుకుతుంది. 120, 220, 400, 600 అని నంబర్లుంటాయి. నంబరు పెరిగేకొద్దీ నునుపు. అరచేతిలో పట్టే చెక్క ముక్కకు చుట్టి, బండ మీద నీళ్లు చల్లుతూ గుండ్రంగా రుద్దాలి. ఒక నంబరుతో బండంతా ఒక్క తీరుగా అయ్యాకే, కడిగి, తర్వాతి నంబరు తీయాలి. మధ్యలో ఒకటి ఎగరగొడితే ముందు పడ్డ గీతలు అలాగే మిగిలిపోతాయి. పొడిగా మాత్రం ఎప్పుడూ రుద్దకండి. రాతి పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు.

బండల మధ్య సందుల్లో పాత సిమెంటు ఊడిపోయిన చోట తెల్ల సిమెంటులో బండ రంగు పొడి కలిపి నింపాను. పైన వార్నిష్‌లాంటి పొర ఏదీ వెయ్యలేదు. మా ఇల్లు కింది అంతస్తు, నేలలో తడి ఎప్పుడూ ఉంటుంది. ఆ తడి బయటికి పోకుండా మూసేస్తే మళ్లీ మ్యాటు కథే. మీ నేల ఆరిందో లేదో తెలుసుకోవాలంటే ఒక ప్లాస్టిక్ కవరును నాలుగు వైపులా టేపుతో అతికించి, రాత్రంతా ఉంచండి. పొద్దున కవరు లోపల చెమ్మ బొట్లు కనబడితే ఇంకా ఆరలేదన్నమాట.

గడప సంగతి

నేల అయ్యాక కళ్లు గడప మీద పడ్డాయి. మా గడప టేకుది. మన ఇళ్లలో నేలకు పరిచిన చెక్క అంటూ ఉంటే అది గడపే కదా! దాని మీద పసుపు ఎనామిల్ పెయింటు, ఆ పెయింటు మీద పసుపు కుంకుమ బొట్లున్న ప్లాస్టిక్ స్టిక్కర్లు. ప్రతి పండుగకూ పాతదాని మీదే కొత్తది అతికించాను. మూడు పొరలు తేలాయి.

స్టిక్కర్లు డ్రయ్యరు వేడికి తేలిగ్గా వచ్చాయి. మిగిలిన బంక మీద వంటనూనె రాసి అరగంటాగి, రంపపు పొట్టు చల్లి గుడ్డతో రుద్దితే పొట్టుతో పాటు బంకా వచ్చేసింది. చెక్క మీద వేడినీళ్ల గుడ్డ పరవకండి. చెక్క ఉబ్బుతుంది.

పెయింటు దగ్గర మాత్రం జాగ్రత్త. పాత ఎనామిల్ పెయింట్లలో, ముఖ్యంగా పసుపు రంగులో, సీసం కలిసి ఉండేది. ఇంట్లో వేసే పెయింటులో పది లక్షల పాళ్లకు 90 పాళ్లకు మించి సీసం ఉండకూడదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరు నుంచి అమల్లోకి వచ్చింది. మా గడప పెయింటు అంతకంటే పాతది. దాన్ని పొడిగా గరుకు కాగితంతో రుద్దితే ఆ పొడి ఇల్లంతా పడుతుంది. పాకే పిల్లవాడి చేతికి అంటి నోట్లోకి పోతుంది. సీసం చిన్నపిల్లల మెదడు ఎదుగుదలనే దెబ్బ తీస్తుంది. అందుకని నేను కింద ప్లాస్టిక్ పట్టా పరిచి, ముక్కుకు మాస్కు కట్టుకుని, నీళ్లు కొద్దికొద్దిగా చల్లుతూ పట్టీతో గీకాను. మిగిలినదాన్ని వాటర్ పేపర్‌తో తడిగానే తీశాను. పెచ్చులన్నీ కవరులో మూట కట్టి, చుట్టుపక్కల మూడుసార్లు తడిగుడ్డ పెట్టాను. ఇదంతా బాబు రావడానికి పది రోజుల ముందే ముగించాను.

చెక్క రెండు రోజులు నీడలో ఆరాక 120, 220 నంబర్ల కాగితంతో, చెక్క గీతలు ఎటు పోతే అటే రుద్దాను. అడ్డంగా రుద్దితే గాట్లు పడతాయి. తర్వాత హార్డువేర్ షాపులో దొరికే అవిసె నూనె గుడ్డతో పల్చగా పూసి, పావుగంటాగి, ఇంకనిదంతా తుడిచేశాను. రోజు విడిచి రోజు మూడు పూతలు. టేకు రంగు తేనెలా బయటికొచ్చింది. ఇప్పుడు దాని మీద అసలు పసుపే పూసి, అసలు కుంకుమే పెడుతున్నాను. ఒక్కమాట మరిచిపోకండి. అవిసె నూనె తుడిచిన గుడ్డను ఉండచుట్టి మూలన పడేస్తే అది తనలో తాను వేడెక్కి అంటుకోగలదు. అగ్గిపుల్ల కూడా అక్కర్లేదు. నీళ్లలో తడిపి, విప్పి బయట ఆరెయ్యండి.

అమెరికాలో చెక్క నేల

మా ఆడబిడ్డ కూతురు అమెరికాలో డల్లాస్‌లో ఉంటుంది. నేను గీకుతుంటే ఒకరోజు వీడియోలో చూసి, "అత్తా, మా పాత ఇంట్లోనూ ఇదే తిప్పలు. కార్పెట్ తీస్తే కింద ఓక్ చెక్క నేల, దాని నిండా జిగురు" అంది. మీ పిల్లలూ అక్కడుంటే ఈ నాలుగు మాటలు చెప్పండి.

అక్కడ పాత ఇళ్లలో, ముఖ్యంగా 1980కి ముందు కట్టినవాటిలో, నేలకు అతికించిన పలకల్లోనూ వాటి కింది నల్ల జిగురులోనూ ఆస్‌బెస్టాస్ ఉండవచ్చు. మన రేకుల ఇళ్ల మీద ఉండే సిమెంటు రేకుల్లోని నారే అది. కదపనంతసేపూ పెద్ద ఇబ్బంది లేదు. గీకినా రుద్దినా కంటికి కనబడని నార గాలిలో కలిసి, ఊపిరితిత్తుల్లో దిగి, ఏళ్ల తర్వాత క్యాన్సరు తెస్తుంది. అప్పటిదాకా అక్కడ వాడుకలో ఉన్న క్రిసోటైల్ రకాన్ని కూడా నిషేధిస్తూ 2024 మార్చిలో అమెరికా ప్రభుత్వం ఉత్తర్వులిచ్చింది. అందుకే నల్ల జిగురును ముట్టుకోవద్దన్నాను. ముందు చిన్న ముక్క పరీక్షకు పంపాలి. అక్కడ ఇళ్ల పెయింటులో సీసం ఆపింది 1978లో. అంతకు ముందరి ఇల్లయితే దానికీ పరీక్ష చేయించాలి.

రెండు పరీక్షల్లోనూ ఏమీ లేదని తేలితే, జిగురంతా వేడి చేసి గీకేశాకే రుద్దుడు మిషను పెట్టాలి. జిగురు ఉండగానే పెడితే ఆ రాపిడికి జిగురు కరిగి కాగితానికి పట్టేస్తుంది. రుద్దిన ప్రతిసారీ చెక్క మందం తగ్గుతుంది. పైన పల్చటి అసలు చెక్క, కింద అతుకుల పలక ఉండే రకమైతే ఒకటి రెండుసార్లకంటే ఎక్కువ రుద్దే వీలుండదు. మా కోడలు పిల్ల పరీక్షకు పంపిందట. ఫలితం వచ్చేదాకా ఆ గదికి తాళం వేసింది.

పండుగ

బతుకమ్మకు మూడు రోజుల ముందు మా అమ్మాయి వచ్చింది. బాబును బండల మీద దించితే చల్లదనానికి మొదట ఉలిక్కిపడ్డాడు. తర్వాత ఆ చివర నుంచి ఈ చివరకు పాకుతూనే ఉన్నాడు. అత్తమ్మ కట్టు విప్పేశారు. చెప్పుల్లేకుండా గది నాలుగు మూలలా నడిచి, కుట్టు మిషను దగ్గర ఆగింది. ఆ తెల్ల మచ్చ అలాగే ఉంది. 400 నంబరు దాకా రుద్దినా పూర్తిగా పోలేదు.

"అత్తమ్మా, గా మ్యాటు వేసిననాడు వద్దని ఒక్క మాట అంటివి కావు" అన్నాను.

"నీ ఇల్లు గూడ గద బిడ్డా" అన్నది.

ఆ మచ్చ మీదికి కుట్టు మిషను మళ్లీ జరిపాను. టైల్స్ మాట మావారు ఎత్తలేదు.

గుర్తుంచుకోవలసినవి

• ముందు కింద ఉన్న నేల ఏదో, తర్వాత పైన ఉన్న జిగురు ఏదో తెలుసుకోండి. ఏది వాడినా కనబడని మూల పరీక్షించి చూడండి.

• వేడినీళ్లు, డ్రయ్యరు, మంచుగడ్డ అయ్యాకే థిన్నరు సంగతి ఆలోచించండి.

• తాండూరు, షాబాదు బండలకూ చలువరాయికీ యాసిడ్, నిమ్మ, చింతపండు, వెనిగర్ తగలనివ్వకండి.

• రాయిని ఎప్పుడూ తడిగా రుద్దండి. చెక్కను గీతల వెంబడి రుద్దండి.

• పాత పసుపు పెయింటును పొడిగా గీకకండి. పిల్లలను దూరంగా ఉంచండి.

• లేచిన మ్యాటు అంచును ఈ రోజే చూడండి. ఇంట్లో పెద్దవాళ్లుంటే రేపటిదాకా ఆగకండి.

వచ్చే వారం మళ్లీ వంటింట్లోకే పోదాం. చలికాలం వస్తోంది కదా, సకినాల పిండి బియ్యం ఎంతసేపు నానాలో, కారప్పూస విరిగిపోకుండా ఎలా చెయ్యాలో చెబుతాను. అంతవరకూ సెలవు.